జింకల పేర్లొచ్చాయి, శికమ్ అంటే తెలియదు

పోయిన జూన్ 5న మా మొహల్లా ఉర్దూ మీడియం పిల్లల్ని పదకొండు మందిని రెండు ఆటోల్లో ఎక్కించుకుని ఒక పర్యావరణ విద్యా కేంద్రానికి తీసుకెళ్లాను. ఆ కేంద్రం పేరు రాయను. మీకు వెంటనే గుర్తొచ్చే హంటర్ రోడ్డు జూపార్కు మాత్రం కాదు, ముందే చెప్తున్నా. నా లడాయి ఒక గేటుతోనో ఒక సార్‌తోనో కాదు. ఇలాంటి గేట్లన్నిటి మీదా ఒకే రకం ఫ్లెక్సీ కడతారు కాబట్టి పేరు ఏదైతే ఏంటి!

ఫ్లెక్సీ మీద పెద్ద అక్షరాలు: కమ్యూనిటీ ప్రోగ్రాం. అందరికీ ఆహ్వానం.

అందరికీ అని రాశారు గానీ తారీఖు చూడండి. జూన్ 5న మన దగ్గర సర్కారీ బడులు ఇంకా తెరవరు. 12కో ఆ చుట్టుపక్కలో తెరుస్తారు. ఎండాకాలం సెలవుల్లో బడి తరఫున పిలిచే ఉస్తాద్ ఉండడు, తీసుకొచ్చే బండి ఉండదు. ప్రైవేటు బడుల పిల్లలు మాత్రం బస్సుల్లో దిగారు. వాళ్ల అమ్మానాన్నలకు వాట్సాప్‌లో మెసేజ్ పోతుంది, పొద్దున్నే తయారుచేసి పంపిస్తారు. మా పిల్లల వాలిదైన్‌లో సగం మంది ఆ టైముకు పనిలో ఉంటారు. అమ్మీలు బీడీలు చుడుతుంటారు, అబ్బాలు మండీబజార్‌లో షట్టర్ లేపుతుంటారు. నేను ఇల్లిల్లూ తిరిగి పోగేస్తే పదకొండు మంది తేలారు.

లోపల తఖ్రీర్ మొదలైంది. జీవవైవిధ్యం, పరిరక్షణ, సుస్థిరాభివృద్ధి, పర్యావరణ సమతుల్యత. నేను ఉర్దూ మీడియంలో చదివి, తర్వాత తెలుగులో డిగ్రీ చేసి, ఇరవై ఏళ్లుగా తెలుగు అక్షరం మీదే రోటీ తింటున్నవాణ్ని. నాకే రెండో మాట దగ్గర నిద్రొచ్చింది. పక్కన కూచున్న ఏడో క్లాసు పిల్ల నా మోచేయి గుంజింది.

"చాచా, పరిరక్షణ బోలే తో క్యా?"

"హిఫాజత్, బేటా."

"తో హిఫాజత్ బోలే తో క్యా జాతా ఇనోకా?"

హిఫాజత్ అంటే వాళ్లదేం పోతుంది అని. నా దగ్గర జవాబు లేదు. ఉంటే ఈ పోస్టు రాసేవాణ్ని కాదు.

తర్వాత డ్రాయింగ్ పోటీ. విషయం ప్రకృతి. మిగతా పిల్లలు రెండు కొండలు, నడుమ సూర్యుడు, ముందర ఒక జింక. మా పిల్ల ఏం గీసిందంటే, ఒక గది. గదిలో మోకాళ్ల దాకా నీళ్లు. మంచం మీద గిన్నెలు, గిన్నెల మీద స్కూలు సంచీ, సంచీ మీద జుజ్‌దాన్‌లో చుట్టిన ఖురాన్‌షరీఫ్. తలుపు దగ్గర ఒక కోడి ఈదుతోంది. కోడి ఈదదని నాకూ తెలుసు, కానీ ఆ బొమ్మలో ఈదింది.

పోటీకి పెద్దమనిషిగా వచ్చినాయన దాన్ని చేతిలోకి తీసుకుని, "బాగుందమ్మా, కానీ టాపిక్ ప్రకృతి కదా, ఇది ఇల్లు కదా" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. జింకకు మొదటి ఇనామ్ వచ్చింది. తిరుగుదారిలో పిల్లలందరి చేతుల్లో తలా ఒక టేకు మొక్క. అరవై గజాల ఇంట్లో టేకు మొక్క ఎక్కడ నాటాలో ఎవరూ చెప్పలేదు. ఒకడు వాళ్ల దాదీ నమాజు చేసుకునే మూల చూపించాడు.

ఆ రోజు నుంచి నా కడుపులో తిరుగుతున్న మాట ఇది. మన ఊరి వాళ్లకు పర్యావరణం అని చెప్పేది ఎవరి పర్యావరణం? ఇంట్లోకి నీళ్లొస్తే అది ప్రకృతి కాదట. కొండ మీద జింక నిలబడితే ప్రకృతి అట. ఈ తాలీమ్ మనకెందుకు?

* * *

ఇన్సాఫ్‌గా మాట్లాడదాం. మన వరంగల్‌కు ఇలాంటి కేంద్రాలు కొత్త కాదు. హంటర్ రోడ్డు మీద వన విజ్ఞాన కేంద్రం 1985లోనే పెట్టారు. పేరు చూడండి, వనం, విజ్ఞానం. అడవి గురించి ఇల్మ్ ఇచ్చే చోటు అని. ఇప్పుడది కాకతీయ జూలాజికల్ పార్కు. అవామ్ నోట్లో మాత్రం మొదట్నుంచీ జూపార్కే. ఈద్ రెండో రోజు అక్కడ మన కుటుంబాలెన్ని ఉంటాయో మీకు తెలుసు. నేనూ చిన్నప్పుడు అబ్బా సైకిల్ ముందు కడ్డీ మీద కూచుని పోయాను. అప్పటికి ఆజంజాహీ మిల్లు మూతపడి ఏడాదో రెండేళ్లో అయింది. మిల్లు 1990లో మూసేశారు. అబ్బా దగ్గర టికెట్ పైసలు తప్ప వేరే ఏమీ లేవు, మాకు పల్లీలు కూడా కొనలేదు. ఎలుగుబంటిని చూపించి, "దేఖో, ఇస్‌కో భీ రోజ్ ఖానా మిల్తా" అన్నాడు. దీనికీ రోజూ తిండి దొరుకుతుందని. ఆ మాటలో ఉన్నదేంటో నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది. అదంతా ఇక్కడ సంగతి కాదు.

జూ మీద నాకు షికాయత్ లేదు. మృగాన్ని చూసిన పిల్లవాడికి మృగం మీద రహమ్ పుడుతుంది, మంచిదే. నా ప్రశ్న దాని తర్వాతది. 1972లో స్టాక్‌హోమ్‌లో దునియా అంతా కూచుని పర్యావరణం గురించి మాట్లాడింది. ఆ మరుసటి ఏడాది నుంచి జూన్ 5 జరుపుతున్నారు. 1991 నవంబర్‌లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు హుకుమ్ ఇచ్చింది. సినిమా హాళ్లలో పర్యావరణం మీద స్లైడ్లు వేయాలి, రేడియోలో టీవీలో చెప్పాలి, బడుల్లో సబ్జెక్టుగా పెట్టాలి అని. 2001 నుంచి బడుల్లో నేషనల్ గ్రీన్ కోర్ పేరుతో ఎకో క్లబ్బులొచ్చాయి. అక్టోబర్ మొదటి వారంలో వన్యప్రాణి వారోత్సవాలు, జూలైలో వనమహోత్సవం, 2015లో మొదలుపెట్టిన హరితహారం. జల్సాలకు కమీ లేదు. కోర్టు ఆ మాట చెప్పినప్పుడు దాని ఉద్దేశం చాలా సీదాగా ఉంది. మామూలు మనిషికి తెలియాలి, తెలిస్తే కాపాడుకుంటాడు అని. సినిమా హాలు ఎందుకన్నారు? అక్కడికి బీడీ కార్మికురాలు కూడా వస్తుంది కాబట్టి. మనుషులున్న చోటికి మాట పోవాలని దాని మతలబ్. మనవాళ్లు ఏం చేశారు? మాటను గేటు లోపల పెట్టి మనుషుల్ని రమ్మన్నారు.

* * *

ఇప్పుడు అసలు మాటకొస్తాను. శికమ్.

మన రెవెన్యూ కాగితాల్లో శిఖం భూమి అని రాస్తారు. చెరువు శిఖం, శిఖం పట్టా, అన్నీ మీరు విన్నవే. తెలుగు పిల్లలు అదేదో సంస్కృతం అనుకుంటారు, మన పిల్లలు అదేదో తెలుగు అనుకుంటారు. అది ఫార్సీ నుంచి ఉర్దూలోకి వచ్చిన శికమ్. అంటే కడుపు. చెరువు కడుపు. వానాకాలం నిండుతుంది, ఎండాకాలం ఖాళీ అవుతుంది. ఖాళీగా కనిపించినంత మాత్రాన అది ఎవరి జాగా కాదు. ఆకలి మీద ఉన్న కడుపు అది, అంతే. రెండు నెలలాగితే నిండుతుంది.

ఒక్క మాటలో ఎంత ఇల్మ్ ఉందో చూడండి. ఎఫ్.టి.ఎల్. అంటే ఫుల్ ట్యాంక్ లెవెల్ అని, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు అని అరగంట బోధించాల్సిన పాఠాన్ని ఆ మాట ఒక్క దెబ్బలో చెప్తుంది. చెరువు కడుపులో ఇల్లు కట్టకు. దీన్ని అర్థం చేసుకోవడానికి పరిరక్షణ అక్కర్లేదు, సుస్థిరాభివృద్ధి అక్కర్లేదు.

మా నానా పాకాల చెరువు కింద ఒక పల్లెలో ఉండేవాడు. చదువు లేదు. ఆయన నోట్లో ఆబీ, తాబీ, తరీ, ఖుష్కీ రోజూ తిరిగేవి. ఆబ్ అంటే నీళ్లు, వానాకాలం పంట ఆబీ. తాబ్ అంటే వేడి, ఎండాకాలం నీళ్ల కింద వేసే పంట తాబీ. తడి పొలం తరీ, వాన మీద ఆధారపడ్డ చెలక ఖుష్కీ. ఆ పాకాలను కట్టించింది కాకతీయుల కాలంలో, గణపతిదేవుడి హయాంలో. దాని నీళ్లు పారిన పొలాల లెక్క రాసింది ఉర్దూలో. దాని మత్తడి, తూము, కట్ట అన్నవి తెలుగు మాటలు. ఎవరిది ఏ మాట అని మా నానాకు ఎన్నడూ అనుమానం రాలేదు. నిజాంసాగర్ కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ పేరు మీద జూలై 11న తెలంగాణ ఇంజనీర్ల దినం చేస్తున్నారు, సంతోషం. ఆ నవాబ్ రాసుకున్న జబాన్‌లో నీళ్ల గురించి ఒక పాంప్లెట్ నాకు ఏ కమ్యూనిటీ ప్రోగ్రాంలోనూ చేతికి రాలేదు.

నీళ్ల మాటలన్నీ మన నోట్లోనే ఉండగా, అదే నీళ్ల గురించి మనకు చెప్పడానికి పరాయి మాటలు తెచ్చారు. ఇది గమ్మత్తు కాదా? తెలుగువాళ్లకు మాత్రం అర్థమవుతుందనుకున్నారా? మా ఆఫీసులో ఊడ్చే అమ్మను అడిగాను, సుస్థిరాభివృద్ధి అంటే ఏందమ్మా అని. "ఏదన్న స్కీమా సార్?" అంది.

* * *

ఇప్పుడు ఆ పిల్ల బొమ్మలో నీళ్లు ఎక్కడివో చెప్తాను.

2020 ఆగస్టులో మన ఊరు మునిగింది. నయీంనగర్ నాలా పొంగింది. నాలాల మీద కబ్జాలు తీసేయాలని అప్పుడు మంత్రులొచ్చి చెప్పారు. 2023 జూలై ఆఖరులో మళ్లీ మునిగింది. ఆ దఫా భద్రకాళి చెరువు కట్ట పోతననగర్ వైపు తెగింది. బొందివాగు పొంగి హంటర్ రోడ్డు చుట్టుపక్కల కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి, పడవల మీద మనుషుల్ని తెచ్చారు. వన విజ్ఞాన కేంద్రం ఉన్నదీ ఆ హంటర్ రోడ్డు మీదే అని మళ్లీ గుర్తు చేస్తున్నా. తాలీమ్ ఇచ్చే చోటుకు కూతవేటు దూరంలోనే సబక్ ఉంది, పొంగుతూ ఉంది.

మా మొహల్లా పేరు ఆ రోజు టీవీలో రాలేదు. చిన్న నాలా, చిన్న వార్త. మా పక్కింటి ఖాలాకు అరవై గజాల ఇల్లు. ఖాలూ పోయాక వచ్చిన పైసలు, తన మెడలో లచ్ఛా అమ్మిన పైసలు కలిపి కొన్నది. రిజిస్ట్రేషన్ లేదు, నోటరీ కాగితం. కొన్నది మే నెలలో. నేల ఎండి పలకలు పలకలుగా ఉంది. చెరువు ఆనవాలు ఏమీ లేదు. మీటరొచ్చింది, ఇంటి పన్ను రసీదొచ్చింది, గల్లీలో సిమెంటు రోడ్డొచ్చింది. ఇన్నొచ్చాక ఇది సర్కార్ ఒప్పుకున్న ఇల్లు కాదని ఏ బేవా అనుకుంటుంది? 2020లో నీళ్లొచ్చాయి, తోడి పోశారు. 2023లో మళ్లీ వచ్చాయి, తోడి పోశారు. ఆ తర్వాత కొలిచేవాళ్లొచ్చి గోడ మీద ఎర్ర రంగు గీత గీసి పోయారు. ఖాలా నన్ను పిలిచి అడిగిన మాట ఇది: "బాబా, యే లైన్ పానీ కీ హై క్యా, తోడ్నే కీ?" ఈ గీత నీళ్లదా, కూలగొట్టడానిదా?

ఆమె మనవరాలే ఆ బొమ్మ గీసిన పిల్ల.

ఇప్పుడు చెప్పండి, ఖాలాకు కావలసిన పర్యావరణ విద్య ఏది? చుక్కల జింకకూ కణుజుకూ తేడానా? ఆమెకు కొనే ముందు ఎవరైనా నాలుగు మాటలు చెప్పి ఉంటే చాలు. అవి 2012 నుంచి సర్కార్ బిల్డింగ్ రూల్స్‌లో ఉన్నాయి. పది హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువైతే నిండు హద్దు నుంచి 30 మీటర్ల దాకా కట్టడం మనా. అంతకంటే చిన్న చెరువైతే 9 మీటర్లు. పది మీటర్ల కంటే వెడల్పైన వాగు, నాలా అయితే దాని అంచు నుంచి 9 మీటర్లు. చిన్న నాలా అయితే 2 మీటర్లు. ఇంతే. నాలుగు అంకెలు. గోడ మీద రాయొచ్చు, జుమా తర్వాత రెండు నిమిషాల్లో చెప్పొచ్చు, రేషన్ దుకాణం దగ్గర అతికించొచ్చు. నేను పత్రికలో ఉండి కూడా ఈ అంకెల్ని ఖాలా గోడ మీద గీత పడ్డాకే వెతికి చదివాను. సిగ్గుతో రాస్తున్నా ఈ మాట.

నేను తిరిగిన ప్రోగ్రాముల్లో ఈ నాలుగు అంకెలు ఎక్కడా వినలేదు. ఎందుకు చెప్పరంటే, అవి చెప్తే తర్వాతి సవాల్ వస్తుంది. మరి ఆ పెద్ద భవనం ఎన్ని మీటర్ల దూరంలో ఉంది సార్ అని ఎవడో ఒకడు లేస్తాడు. జింక దగ్గర ఆ తక్లీఫ్ లేదు. జింక ఎవరి పేరూ అడగదు.

* * *

ఇది రాస్తున్నానని తెలిసి ఒక దోస్త్ ఫోన్ చేశాడు. "నువ్వు ఉర్దూ బోర్డుల కోసం లొల్లి చేస్తున్నవా?" అన్నాడు. కాదు. 2017 నవంబర్‌లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేశారు, కాబట్టి అడిగే హక్ ఉంది. కానీ బోర్డుతో నా పేట్ నిండదు. నుక్తాలు తారుమారైన ఉర్దూ బోర్డుల్ని చాలా చూశాను, నవ్వుకుని ఫోటో తీసుకున్నాను. మన పిల్లలకు తెలుగు రావాలి, బాగా రావాలి. రాకపోతే దరఖాస్తు కూడా రాసుకోలేరని ఇదే పేజీలో ఎన్నిసార్లో తిట్టించుకుని మరీ రాశాను. నేను అడిగేది మనిషికి అర్థమయ్యే మాట. హిఫాజత్ అనండి, కాపాడుకోవడం అనండి, రెండూ అనండి.

ఇంకో జవాబు వాళ్ల వైపు నుంచి వస్తుంది. "మీవాళ్లు రారు సార్, పిలిచినా రారు." ఎప్పుడు పిలిచారు? వారం నడుమ పొద్దున పదకొండింటికి. ఎక్కడికి? రెండు ఆటోలు మారే చోటికి. ఎవరి ద్వారా? ఆఫీసు పేజీలో పెట్టి. ఇదే ఊళ్లో 2012లో చెత్త మీద క్లీన్ సిటీస్ చాంపియన్‌షిప్ జరిగింది. తడి చెత్త, పొడి చెత్త అనే మాట గడప గడపకూ పోయింది. మా అమ్మీ అప్పట్నుంచే గీలా, సూఖా వేరు చేయడం మొదలుపెట్టింది. ఆమె ఏ కేంద్రానికీ పోలేదు. మాటే ఆమె దగ్గరికి నడిచొచ్చింది. చేయాలనుకుంటే అవుతుందని అదే సబూత్.

* * *

సర్కార్‌ను తిట్టి ఇక్కడ ఆపేస్తే మనవాళ్లంతా మాషాల్లా అని షేర్ చేస్తారు. ఆపను. ఇక నుంచి చదివేది కొందరికి నచ్చదు.

ఖాలాకు ఆ శికమ్ జాగా అమ్మింది ఎవరు? బయటివాడు కాదు. మనవాడే. నెత్తి మీద టోపీ, నోట్లో ఇన్షాల్లా. "ఆపా, ఫికర్ నక్కో, మై హూఁ నా" అన్నాడట. అలాంటి ప్లాట్లు ఎన్నో అమ్మాడు, ఎక్కువ మంది బేవాలకు, గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లకు. ఇప్పటికీ జుమాకు మొదటి సఫ్‌లో నిలబడతాడు. ఆయన్ను ఎవరూ పక్కకు జరగమనలేదు. మసీదుకు ఏసీలు ఇచ్చాడు కాబట్టి. నేనూ ఏమీ అనలేదు, సలామ్‌కు జవాబిచ్చాను. ఇదీ మన హాల్.

ప్రవహించే నది ఒడ్డున కూచున్నా వజూ నీళ్లు ఇస్రాఫ్ చేయొద్దన్న హదీస్ మనలో ఎవరికి తెలియదు? ప్రతి రమజాన్‌లో వింటాం. మసీదుల్లో కుళాయి పూర్తిగా తిప్పి, నీళ్లు కారుతుండగానే పక్కవాడితో ఎలక్షన్ ముచ్చట పెడతాం. ఆ వజూ నీళ్లు సబ్బు లేని శుభ్రమైన నీళ్లు. నాలుగు చెట్లకు పారించొచ్చు, ఇంకుడుగుంతలోకి పంపొచ్చు. మనం నేరుగా మోరీలోకి వదులుతాం. అదే నాలాలోకి పోతుంది. వలీమాల సంగతి ఎత్తితే రాత్రయిపోతుంది. అయిదొందల మందికి అయిదొందల ప్లాస్టిక్ గ్లాసులు అనుకుంటారు గానీ ఒక్కొక్కరు మూడు వాడతారు. మరుసటి రోజు అవన్నీ ఫంక్షన్ హాలు వెనక నాలాలో తేలుతుంటాయి. 2023లో మా గల్లీ మోరీ జామైనప్పుడు కర్ర పెట్టి తీస్తే వచ్చినవి కూడా అవే, బిర్యానీ ప్యాకెట్లతో సహా. నా చేత్తో తీశాను.

మనలో చదువుకున్నవాళ్లు వేసే సవాల్ ఇంకొకటి ఉంది. "భాయ్, ఖౌమ్‌కు నౌకరీ లేదు, ఇల్లు లేదు, జాన్‌కు భరోసా లేదు. నువ్వు చెట్లూ చెరువులూ అంటావు. అది పైసలున్నవాళ్ల షౌక్." ఈ మాట అన్న ప్రొఫెసర్ సాబ్ మూడో అంతస్తులో ఉంటారు. నీళ్లు మూడో అంతస్తుకు రావు. కింద గదుల్లో కిరాయికి ఉండేవాళ్ల దగ్గరికి వస్తాయి. ఆ గదుల్లో ఎవరుంటారో ఒకసారి మెట్లు దిగి చూడమని అర్జ్. నీళ్లు తగ్గాక డెంగీ వస్తుంది, ఆసుపత్రి బిల్లుకు లచ్ఛా అమ్ముతారు, కొలిచేవాళ్లొచ్చి గీత గీస్తారు. ఇల్లు, నౌకరీ, జాన్ అని మీరు వేరే వేరే ఖానాల్లో రాసుకున్నవన్నీ ఆ ఒక్క గదిలో మోకాళ్ల లోతు నీళ్లలో ఉన్నాయి. ఏడో క్లాసు పిల్ల అది చూసి గీసింది. ప్రొఫెసర్ సాబ్‌కూ, పోటీ పెట్టిన పెద్దమనిషికీ ఇద్దరికీ అర్థం కాలేదు. ఈ ఒక్క విషయంలో ఇద్దరూ ఒకే క్లాసు.

* * *

ఆ కేంద్రానికి మళ్లీ పోయాను. ఈసారి పిల్లలు లేకుండా. అక్కడి సార్ కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు. నేను మూడు అడిగాను. ఒకటి, మీ ప్రోగ్రాం ఒకటి ఆదివారం మా మొహల్లాలో పెట్టండి, షాదీఖానా మేము ఇస్తాం, కిరాయి లేదు. రెండు, వచ్చేటప్పుడు మొక్కలు తేకండి, మ్యాపు తెండి. మా చెరువు నిండు హద్దు ఎక్కడ, నాలా ఎటు నుంచి ఎటు పోతుంది అని చూపించే మ్యాపు. మూడు, ఆడవాళ్లకు వేరేగా జొహర్ తర్వాత ఒక గంట. ఇంటికి నీళ్లొస్తే తోడేది వాళ్లు, జాగా కొనేటప్పుడు నగలు ఇచ్చేదీ వాళ్లే.

సార్ అంతా రాసుకున్నాడు. మ్యాపు మాట దగ్గర కలం ఆపి, "అది మా డిపార్ట్‌మెంటు కాదండీ, ఇరిగేషన్, రెవెన్యూ, మున్సిపాలిటీ వాళ్లది" అన్నాడు. నిజమే చెప్పాడు. నీళ్లకు డిపార్ట్‌మెంట్లు తెలియవని నేను అనబోయి ఊరుకున్నాను, చాయ్ తాగి ఉన్నాను కదా. లెటర్ పెట్టమన్నాడు. తెలుగులో ఒకటి, ఉర్దూలో ఒకటి పెట్టాను. తెలుగు దాని మీద ముద్ర వేసి నకలు ఇచ్చారు. ఉర్దూ దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి, ఇది ఎవరికి పంపాలో కనుక్కుంటామన్నారు.

జవాబొచ్చే దాకా కూచోవడం ఎందుకని, పోయిన ఆదివారం ఫజర్ తర్వాత మేమే బయల్దేరాం. పిల్లలు, ఖాలా, మా ఇమామ్ సాబ్, నేను. నాలా వెంట నడిచాం. మ్యాపు లేదు. ఖాలాయే మ్యాపు. "2020లో ఇక్కడి దాకా, 2023లో అక్కడి దాకా" అని కట్టె పెట్టి చూపిస్తూ పోయింది. ఒక చోట నాలా సగానికి సన్నగా అయిపోయింది, పక్కన కొత్త ప్రహరీ గోడ. పిల్లలు టేపు పెట్టి కొలిచారు. ఎంత వచ్చిందో, గోడ ఎవరిదో కాగితాలు చూసుకుని తర్వాతి పోస్టులో రాస్తాను. మధ్యలో ఒక కరెంటు స్తంభం దగ్గర ఆ పిల్ల ఆగి, నీళ్లొచ్చిన ఎత్తుకు సుద్దముక్కతో గీత గీసి, కింద ఉర్దూలో, తెలుగులో తారీఖు రాసింది. తెలుగులో జూలై అని రాసేటప్పుడు ఒక దీర్ఘం మర్చిపోతే నేను దిద్దాను.

వచ్చే ఆదివారం మళ్లీ పోతున్నాం. బొందివాగు వైపు. ఫజర్ అయిన పావుగంటకు మసీదు గేటు దగ్గర ఉంటాం. ప్రొఫెసర్ సాబ్‌కు కూడా ఖబర్ పంపాను. చెప్పులు వద్దు, బురద ఉంటుంది, బూట్లు వేసుకు రండి. ఇంట్లో పొడవాటి టేపు ఉన్నవాళ్లు తెచ్చుకోండి, మాది అయిదు మీటర్లకే అయిపోతోంది.